తరుగు

ముప్పై రెండేండ్లు ఆదోని మార్కెట్ యార్డులో
కాటా రాసినోణ్ణి.
ఊరి చరిత్ర చెప్పమని వచ్చినారు గానీ
నాకు తెలిసిందంతా తూకమే.

ముందు ఆ కొండ చూడండి.
గుండు మీద గుండు, దాని మీద కోట.
ఏలినోడు ఏ దొరైనా
కింద రేగడిలో పత్తి పండించినోడు
మొదటి మూట వానికే మోసినాడు.
అప్పుడు దానికేం పేరుండెనో,
మా చిట్టాలో మాత్రం తరుగంటారు.

తర్వాత రైలొచ్చింది.
ఈ కొస మద్రాసు, ఆ కొస బొంబాయి,
నడిమధ్యన మా దూది.
మేం బళ్లారి జిల్లాలో ఉన్నప్పుడు
మా జేజినాయన ప్రెస్సులో బేళ్లు కుట్టేవాడు.
సముద్రం దాటిపోయిన ఆ దూదే
తెల్ల గుడ్డయి తిరిగొస్తే
గజం లెక్కన కొనుక్కున్నాడంట, తన పెండ్లికి.
"కొలత మాత్రం సరిగ్గానే ఉండెరా" అని
ఆ ఒక్క మాటకే నవ్వేవాడు.

నేను చేరిన కాలానికి
తువ్వాల కింద బేరం.
దలాలు ఖాజా హుసేన్ చెయ్యి, సేటు చెయ్యి
గుడ్డ చాటున పెనవేసుకుంటే
మూట మీద కూర్చున్న రైతు
ఆ గుడ్డ కదిలేదే చూసేవాడు,
ఆస్పత్రి తలుపు చూసినట్టు.
ఏ వేలికి ఎంతో వానికి తెలీదు.
నాకు తెలుసు. చెప్పలేదు.
ఇది గూడా రాసుకోండి.

క్వింటాలుకు రెండు కిలోలు సూటు.
గోనెకింత, చెత్తకింత,
ఏ దేవునికో తెలియని ధర్మానికింత.
ఆఖర్న తేమ.
ఏడాదంతా రెండే వానలు పడ్డ ఆస్పరి చేలనుంచి
రాత్రంతా బండి తోలుకొచ్చిన ఉరుకుందప్ప
తేమ అన్న మాట విని
పిడికెడు దూది తీసి చెంపకు ఆనించుకున్నాడు.
"యాడుంది సామీ,
నాకూ రోంత చూపియ్యి" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
తేమ గడిలో ఒకటిన్నర రాసినాను.

పొద్దు గూకితే చీపుర్లతో ఆడోళ్లొచ్చేవాళ్లు.
యార్డు ఊడ్చినందుకు కూలి లేదు,
రాలిందే కూలి.
ఇసుక, పుల్లలు, బుడ్డల పొట్టు కలిసిన దూది
హనుమక్క కొంగులో తెచ్చి కాటా మీద పెట్టేది.
దాంట్లో ఏం తరుగు తీయాల?
తీయలేదు. అదొక్కటే నా పుణ్యమనుకుంటి.
చానా ఏండ్లకు అడిగింది:
"మూటను ఎత్తేసినట్టు దించేవాడివి,
నాలుగు పోగులు రాలాలనే కదన్నా?"
కాదు. నడుము నొప్పికి.
అది గూడా చెప్పలేదు.

మిల్లు మూసినారు.
సైరన్ ఆగిపోయినాక గూడా ఒక ఏడాది
ఉగ్గాని బండి మస్తాన్‌బీ
తెల్లార్నే ఐదున్నరకు బజ్జీల నూనె పెట్టేది.
ఎవరికమ్మా అంటే
"చెయ్యి లేస్తాది బాబా, నేనేం చేసేది" అనేది.

జిన్ను మిషన్లు విప్పి
తుక్కు కింద అమ్మినారు. తూకానికి నా దగ్గరికే వచ్చె.
జేజినాయన చేతి జిడ్డు
ఇంకా దేనికన్నా అంటుకోనుంటాదేమో, వెతకలేదు.
సేలం నుంచి వచ్చిన మనిషి
ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టినాడు.
తరుగెంత రాయాలని అడిగినా, అలవాటుగా.
"ఇనుముకు తరుగేంది పెద్దాయనా?"
మా ఊర్నుంచి నిండు తూకంతో పోయిన సరుకు
అదొక్కటే.

ఇప్పుడు ఎర్రంకెల కాటా.
తేమకు గూడా మిషనొచ్చింది,
సూది గుచ్చితే చెప్తాది.
మొన్న ఉరుకుందప్ప మనవడు దాంతోనే కొట్లాటకు దిగినాడు,
నేను గోడ పక్కన నిలబడి చూసినా.

నాకు దగ్గు.
కర్నూలు పెద్దాస్పత్రిలో ఫొటో తీసినారు,
రొమ్ములో తెల్లగా, మబ్బు మాదిరి.
డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి
నెమ్ము చేరింది అన్నాడు.
యాడుంది సామీ, అనబోయి
ఊరుకున్నా.